ఎవరి పోలిక?

డ్రైవింగ్ నేర్పే ఆవిడను పేటలో అందరూ 'హారన్ అక్క' అంటారు. మొహం మీదే అంటారు, ఆవిడా పలుకుతుంది. స్టీరింగ్ పట్టుకుని వణికేవాళ్ళను కూడా నవ్వించి క్లచ్ వదిలించగల నోరు ఆవిడది. అలాంటావిడ ఇంట్లో పద్నాలుగేళ్ళ కూతురు మాట్లాడడం మానేసింది.

బడి మారింది కదా, సర్దుకుంటుందిలే అనుకున్నారు. పిల్ల ఈత మానేసింది. సెలవు రోజుల్లో మధ్యాహ్నం దాకా గోడవైపు తిరిగి పడుకునేది. హారన్ అక్క తనకు తెలిసిన వైద్యం చేసింది: జోకులు. పిల్ల దుప్పటి నెత్తి మీదికి లాక్కుంది.

"నీ పోలికే, మొండిది," అన్నాడు భర్త.

"నా పోలికా? నేను నోరు మూసుకోగా ఎప్పుడైనా చూశారా? ఇది అచ్చం మీవాళ్ళ మూగనోము!"

అలా ఒకరి వంశాన్నొకరు ఉతికి ఆరేసుకుంటూనే పిల్లను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ పిల్లల మానసిక వైద్యురాలు. పిల్లతో విడిగా మాట్లాడాక వీళ్ళిద్దర్నీ లోపలికి పిలిచింది.

"డిప్రెషన్. మీ ఇళ్ళల్లో ఇంకెవరైనా నెలల తరబడి ఇలా ఉండేవారా?"

లేదనబోయి ఆగిపోయింది హారన్ అక్క. వాళ్ళ నాన్న మంచి వడ్రంగి. ఉన్నట్టుండి ఉలి పక్కన పడేసి రెండు మూడు నెలలు మంచం దిగేవాడు కాదు. అందరూ సోమరి అన్నారు. తనూ అంది.

"మా నాన్న. అయితే ఇది నా రక్తమేనాండీ?"

"రక్తంలో కొంత వస్తుందమ్మా. వచ్చినవాళ్ళందరికీ జబ్బు రావాలని లేదు, మీకు రాలేదుగా? చుట్టూ ఉన్నదీ చూడాలి. కొత్త బడిలో తోటివాళ్ళు ఏడిపిస్తున్నారట, మీకు చెప్పమంది. ఇంటికొస్తే మీ పోట్లాటలు. తప్పెవరిదని కాదు, మార్చగలిగినవి మారుద్దాం."

ఇంటికొచ్చే దారిలో హారన్ అక్క కారాపి, కూతురికి తాతయ్య సంగతి చెప్పింది.

"తగ్గేదా తాతయ్యకి?"

"తగ్గేదే. కానీ పక్కన ఎవరం కూర్చోలేదమ్మా. మాకు తెలీదు."

"నాకు జోకులొద్దు. ఊరికే కూర్చో, చాలు."

కూర్చుంది. నోరు కట్టేసుకోవడం ఆవిడకు పెద్ద పనే. భర్త బడికి నాలుగుసార్లు తిరిగి సెక్షన్ మార్పించాడు. వారం వారం డాక్టరు దగ్గరికి వెళ్ళారు. పిల్ల కొన్ని వారాలు బాగుండేది, మళ్ళీ దుప్పటి కిందికే పోయేది. మొగుడూ పెళ్ళాలు మాత్రం పోట్లాటలకు సందు మలుపులో ఆపిన కారును ఖాయం చేసుకున్నారు.

ఐదో నెలలో ఒక సాయంత్రం అక్కడ వాదన మంచి ఊపులో ఉండగా ఎవరో అద్దం తట్టారు. కూతురు.

"అయ్యిందా? నాకు ఆకలేస్తోంది."

ఇద్దరూ వాదన సగంలోనే వదిలేసి కారు దిగారు.