అరగని సుద్దముక్క

ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. కరోనా తగ్గి మా ఊరి బడి తెరిచాక, ఒక పూట అక్కడ పాఠం చెప్పింది టీచరమ్మ కాదు, నేను.

బడి మొత్తానికి ఆవిడ ఒక్కరే. గజపతినగరం నుంచి ఆటోలో దిగగానే కొత్త సుద్దముక్క చేతిలోకి తీసుకునేవారు. సాయంత్రం తిరిగి ఆటో ఎక్కేటప్పుడు కూడా అది అరగకుండా ఆ చేతిలోనే ఉండేది. పై ఆఫీసు యాపుల్లో పెట్టడానికి టాయిలెట్ కడిగితే ఫొటో, కోడిగుడ్డు ఉడికితే ఫొటో, పిల్లల మాస్కులకీ ఫొటో. బడి మూసి ఉన్నంతకాలం పలక ముట్టని పిల్లలు మూడో తరగతికొచ్చి సొంత పేరు రాయలేకపోతుంటే, ఆ సంగతి మాత్రం ఏ యాపూ అడగలేదు.

ఆ రోజు మూడో తరగతి చదివే చెల్లిని దింపడానికి వెళ్లాను. టీచరమ్మ దాని చెయ్యి పట్టుకుని బోర్డు మీద పేరు రాయిస్తున్నారు. పేరు సగంలో ఉండగా ఫోన్ మోగింది.

"టాయిలెట్ ఫొటో మసగ్గా ఉంది. వెంటనే మళ్లీ పెట్టకపోతే మెమో ఇస్తాం" అంది ఆఫీసు నుంచి అవతలి గొంతు.

మా ఊళ్లో నెట్ అందేది వాటర్ ట్యాంకు మెట్ల మీదే. ఆవిడ సుద్దముక్క నా చేతిలో పెట్టారు.

"ఒసే అమ్మీ, దాని పేరు పూర్తి సేయించు."

"నాకు సెప్పడం రాదు టీచరమ్మా" అన్నాను.

ఆ వారంలోనే మూడు నుంచి ఐదు తరగతుల్ని దూరపు హైస్కూల్లో కలిపేసి, ఆవిడను సాలూరు అవతలికి పంపేశారు. మళ్లీ చూడలేదు. ఆ పూట గుమ్మం దాటుతూ అన్నదే నాతో ఆఖరి మాట.

"నాకొచ్చు. ఆల్లు సెప్పనివ్వరు. నువ్వైనా సెప్పు."