స్తుతి పేరు తర్వాత

హాజరు పిలవడం అయిపోయాక సంతోషకుమారి కుడిచెయ్యి కాస్త పైకెత్తి పట్టుకునేది. అప్పుడు ఎవరూ పాట అందుకోకూడదు, పుస్తకం తెరవకూడదు. మూడు మాటలు పలకడానికి పట్టేంత సేపు, అంతే. తర్వాత చెయ్యి దించి, "ఊఁ, కానివ్వండి" అనేది. చిలకలూరిపేట నుంచి దర్శి దాకా ఆమె దగ్గర శిక్షణ తీసుకున్న సండేస్కూలు టీచర్లు దాన్ని మౌనప్రార్థన అనుకున్నారు. కొందరు తమ తరగతుల్లోనూ అలాగే చెయ్యెత్తడం మొదలుపెట్టారు. ప్రార్థనైతే ఆమె కళ్ళు మూసుకునేది. ఆ కాసేపూ ఆమె కళ్ళు గుమ్మం మీదే ఉండేవి.

ఇప్పుడు ఆమె లేదు. ఆ చెయ్యి ఎందుకు లేచేదో తెలిసినవాళ్ళు ఇద్దరు ముగ్గురే మిగిలారు.

ముప్పై ఒక్క ఏళ్ళు ఎయిడెడ్ స్కూల్లో చిన్న తరగతులకు పాఠాలు చెప్పి రిటైరైంది సంతోషకుమారి. భర్త అంతకుముందే పోయాడు. పిల్లలు లేరు. గుంటూరు బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటరు పైన రెండు గదుల్లో ఉండేది. కింద కుర్రాళ్ళు ఫిజిక్సు వల్లె వేస్తుంటే, పైన ఆమె పాత క్యాలెండర్ల అట్టల మీద గొర్రెల్ని, పడవల్ని, చేపల్ని గీసి కత్తిరిస్తూ కూర్చునేది. శనివారం వచ్చిందంటే ఆ బొమ్మలన్నీ సంచిలో వేసుకుని బస్సెక్కేది. ఆమె శిష్యులు పగలంతా మిరపకోతకీ, పత్తి జిన్నింగు మిల్లుకీ, బట్టల షాపుకీ పోయే ఆడపిల్లలు. పాట పాడమంటే పాడతారు, ప్రార్థన చేయమంటే చేస్తారు. ముప్పై మంది పిల్లల్ని గంటసేపు కూర్చోబెట్టమంటే మాత్రం చేతులెత్తేస్తారు.

"నువ్వు చెప్పు, నేను పిల్లనవుతా" అని ఆమె చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చునేది.

"టీచర్, ఆ ప్రవక్త చేప కడుపులో మూడ్రోజులుంటే ఉక్కపొయ్యదా?"

"అంటే... దేవుడు..."

"టీచర్, ఈ పిల్ల నన్ను గిల్లుతోంది!"

పాఠం చెప్పే పిల్ల బిక్కమొహం వేస్తే గదంతా నవ్వేది. సంతోషకుమారి మాత్రం నవ్వేది కాదు. "గిల్లుడు సంగతి తర్వాత. ముందు నా ఉక్కపోతకి జవాబు చెప్పు."

హాజరు విషయంలో ఆమె పట్టు ఇంకా గట్టిది. పేరు పిలిస్తే పిల్లలు 'ప్రెజెంట్ టీచర్' అనకూడదు. కంఠతా పట్టిన బైబిలు వాక్యం ఒకటి చెప్పాలి. ఒక్క అక్షరం పోయినా మళ్ళీ మొదటినుంచి చెప్పాలి. చెప్పినవాళ్ళ హాజరు కార్డు మీద బంగారు రంగు నక్షత్రం అతికిస్తారు. ఈస్టరు నుంచి ఈస్టరు దాకా ఒక్క ఆదివారం కూడా మాననివాళ్ళకు అందరి ముందూ బహుమతి. "జ్వరమనీ, చుట్టాలొచ్చారనీ చెబితే కరిగిపోకండి. ఒకసారి జాలిపడితే కార్డుకి విలువ పోతుంది" అని ప్రతి శిక్షణలోనూ చెప్పేది. అందరూ రాసుకునేవాళ్ళు.

మహిమ ఆ మాట కింద గీత కూడా గీసుకుంది. దర్శి అవతల ఒక పల్లె ఆ పిల్లది. ఇంటర్ చదివి, దర్శిలో బట్టల షాపులో పనిచేసేది. మహిమ శిక్షణ తీసుకుని వెళ్ళాక ఆ పల్లె సండేస్కూల్లో తొమ్మిది మంది పిల్లలు కాస్తా ముప్పై నలుగురయ్యారు. సంతోషకుమారి ప్రతి ఊళ్ళోనూ మహిమ పేరే చెప్పేది.

ఒక ఫిబ్రవరిలో, బుధవారం పొద్దున, మహిమ ఫోన్ చేసింది.

"అమ్మా, స్తుతి పోయింది."

స్తుతి ఎవరో సంతోషకుమారికి వెంటనే తట్టలేదు.

"తొమ్మిదేళ్ళ పిల్లమ్మా. మీరొచ్చినప్పుడు చిన్న వాక్యం చెప్పి తిట్లు తింది చూడండి."

అప్పుడు గుర్తొచ్చింది. స్నేహితుడి సమాధి దగ్గర ప్రభువు ఏడ్చాడని చెప్పే మూడు మాటల వాక్యం. బద్ధకస్తులైన పిల్లలందరికీ అదే దిక్కు. "ఎప్పుడూ ఇదేనా? ఈసారి పెద్దది రావాలి" అని వేలు చూపించి మరీ చెప్పింది ఆ పిల్లకు.

"ఆదివారం ఒళ్ళు కాలిపోతా వచ్చిందమ్మా. కార్డు అందుకుంటుంటే వేళ్ళు తగిలాయి, నాకు తెలిసింది. ఇంటికి పంపిస్తే ఏడుస్తుందని పాఠం అయిందాకా ఉంచాను. నిన్న పెద్దాసుపత్రిలో... ఒక్క రోజు ముందు తెచ్చుంటే బాగుండేది అన్నారంట. అమ్మా, నేను తప్పు చేశానా?"

కింద కోచింగ్ సెంటర్లో గంట మోగుతోంది. సంతోషకుమారి అది ఆగేదాకా ఆగింది.

"నేను నేర్పినట్టే చేశావు తల్లీ. దేవుడి చిత్తం. ధైర్యంగా ఉండు."

ఫోను పెట్టేశాక, పిల్ల తల్లికి చూపించమని మహిమకు ఆదరణ వాక్యం ఒకటి మెసేజ్ పెట్టింది. ఆ శనివారం ఇంకో ఊళ్ళో శిక్షణ ఉంది. అక్కడికి వెళ్ళింది. హాజరు గురించి ఎప్పుడూ చెప్పేదే చెప్పింది. మహిమ మళ్ళీ ఫోన్ చేయలేదు. సంతోషకుమారీ చేయలేదు.

దాదాపు ఏడాది గడిచాక ఆ పల్లె పాస్టరు ఏసోబు గారు ఫోన్ చేశాడు.

"అమ్మగారూ, ఒక ఇబ్బంది వచ్చింది. మన మహిమ ఆ చనిపోయిన పిల్ల పేరు పిలుస్తోంది."

"పాత రిజిస్టర్లో ఉండిపోయిందేమో పాస్టరుగారూ."

"ఈస్టరుకి కొత్త రిజిస్టరు కొనిచ్చింది నేనేనండీ. అందులోనూ రాసుకుంది. పిలుస్తుంది, ఆగుతుంది. పిల్లలందరూ గుమ్మం వైపు చూస్తారు. పదిమంది రావడం మానేశారు, ఇళ్ళల్లో గొడవ. నేను చెబితే తలూపుతుంది, మళ్ళీ వారం మామూలే. మీరొచ్చి ఆ పిల్లని మాన్పించండి. మీ మాటైతే వింటుంది."

"మాన్పిస్తే పాఠం ఎవరు చెబుతారు?"

"ఎవరున్నారండీ? తలుపేసెయ్యడమే."

శనివారం సాయంత్రం ఆమె దర్శిలో బస్సు దిగేసరికి కలీం ఆటో ఉంది. ఎప్పుడొచ్చినా అతనే దింపుతాడు. దారి పొడవునా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. ఆ ఘాటుకి ఇద్దరూ ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు దగ్గుతూనే ఉన్నారు.

"ఈసారి ఎవర్ని ఏడిపించడానికి టీచరమ్మా?"

"నిన్నే. వాక్యం చెప్పు, లేకపోతే కిరాయి ఇవ్వను."

కలీం నవ్వాడు. నవ్వు ఆగిపోయాక అన్నాడు. "మా నజ్మీన్ కూడా ఆ పిల్లలతోనే బడికి పోద్దిగా. అదీ చెప్పింది. మీ చర్చిలో ఆ పాప పేరు పిలుస్తారంటగా. అది ఇంట్లో కూడా అప్పుడప్పుడూ తలుపు వైపు చూస్తోంది."

సంతోషకుమారి సంచి ఒళ్ళోకి లాక్కుంది. దాంట్లో కొత్త నక్షత్రాల షీటు ఉంది.

మర్నాడు పొద్దున ఏడున్నరకు ఆమె చర్చిలో చాప మీద, అన్నిటికంటే వెనక వరసలో కూర్చుంది. ముందు వరసలో ఇద్దరు ఆడపిల్లల మధ్య ఒక మనిషి పట్టేంత చోటు వదిలి ఉంది. జరగమని ఎవరూ చెప్పలేదు, ఎవరూ జరగలేదు. మహిమ బాగా చిక్కిపోయింది. పేర్లు పిలుస్తుంటే పిల్లలు ఒక్కొక్కరే లేచి వాక్యం చెబుతున్నారు. ఎక్కడా తప్పు లేదు.

"స్తుతి."

మహిమ పెన్ను కాగితం మీదే ఉంది. తల ఎత్తలేదు. మూడు మాటలు పలికేంత సేపు. ఆ కాస్తలో కూర్చున్నవాళ్ళ ఊపిరి కూడా వినిపించింది సంతోషకుమారికి. తనకు తెలియకుండానే ఆమె కూడా గుమ్మం వైపు తిరిగింది. ఎండ తప్ప అక్కడేం లేదు.

పక్కనున్న ఐదేళ్ళ పిల్ల ఆమె కొంగు లాగి గుసగుసగా అడిగింది. "ఈ స్తుతి ఎవరు అమ్మమ్మా? ఎప్పుడూ రాదేంది?"

తరగతి అయ్యాక మహిమ మెట్ల మీద కూర్చుంది. సంతోషకుమారి వచ్చి పక్కన కూర్చుంది. 

"మాన్పించడానికి వచ్చారు కదమ్మా?"

"అవును."

"నేను కావాలని పిలవట్లేదు. ఆ పేరు దాటి పోలేకపోతున్నా." మహిమ రిజిస్టరు అట్ట అంచు గోటితో గీరుతోంది. "మీకు ఒకటి చెప్పలేదు. ఆ ఆదివారం స్తుతి పేరు పిలిస్తే, 'టీచర్, పెద్దది నేర్చుకున్నా' అంది. ఇంకా ఇరవై మంది ఉన్నారు. టైమవుతోంది. 'ఇవాళ్టికి చిన్నది చెప్పేసెయ్' అన్నాను. చెప్పేసింది. ఆ పెద్దది ఏంటో నేను అడగలేదమ్మా. అది తెలిసిందాకా నేను పిలుస్తూనే ఉంటానేమో."

పెద్దది నేర్చుకోమన్న వేలు తనది. సంతోషకుమారి ఆ చేతిని కొంగులో దాచుకుంది.

"వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళావా?"

"మట్టి చేసిన రోజు తప్ప లేదు. మొహం చెల్లలేదు."

"ఆ రోజు కూడా నేను లేను" అంది సంతోషకుమారి. "లే, పోదాం."

స్తుతి వాళ్ళ ఇల్లు చర్చి గోడకు ఆనుకునే ఉంది. తల్లి సువార్తమ్మ అరుగు మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. తల ఎత్తి ఇద్దర్నీ చూసి, మళ్ళీ కాయల్లోకి చూసింది.

"ఏంది మహిమా, ఏడాదికి దారి కనపడిందా?"

 సంతోషకుమారి కింద, కాయల పక్కనే కూలబడింది.

"అమ్మా, నేను..."

"తెలుసు. స్టార్ల టీచరమ్మవి గదా."

"అవును. జ్వరమొచ్చినా రావాలనే పద్ధతి నేను పెట్టింది. ఈ పిల్లది తప్పు లేదు. తప్పు నాది. అది చెబుదామని..."

"నీదా?" సువార్తమ్మ చేతులు ఆగాయి. "జరంతో ఉన్న బిడ్డని పండబెట్టి, లెయ్యబాకు అని చెప్పి కోతకి పోయింది నేను. ఏడాదిగా ఆ తప్పు మోస్తుండేది నేను. ఇయ్యాల ఆటో ఎక్కొచ్చి నీదంటే ఇచ్చేస్తానా?"

సువార్తమ్మ మళ్ళీ తొడిమలు తీయడం మొదలుపెట్టింది. కాయల ఘాటుకి సంతోషకుమారి కళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు.

చివరికి సువార్తమ్మే అంది. "ఆదివారం కోతకి పోవడం మానేశా. ఈడ కూచుంటే మీ లోపలి మాట మొత్తం ఇనపడద్ది. మహిమ పేరు పిలుస్తది, ఆగుతది. ఆగినప్పుడల్లా నా గొంతు దాకా వస్తది."

"ఏంటి వస్తుంది అక్కా?" అంది మహిమ.

"అదే, బిడ్డ నేర్చుకున్నది. కొండల సంగతి ఉండే వాక్యం. నాతోబాటు కల్లానికి వచ్చినప్పుడు కాయల కుప్ప చూపించి, ఇదే మన కొండ అనుకుందామే అమ్మా అనేది. నెలరోజులు చెప్పిందే చెప్పింది, చెవులు పోయినయ్. చదువు రానిదాన్ని, నాకూ వచ్చేసింది."

మహిమ రెండు చేతులతో మొహం మూసుకుంది. "ఒక్కసారి చెప్పక్కా."

"ఇప్పుడు చెప్పను" అంది సువార్తమ్మ. "పిలిచినప్పుడు చెబుతా."

తిరిగొచ్చేసరికి ఏసోబు గారు చర్చి గుమ్మంలోనే ఎదురుచూస్తున్నాడు. "చెప్పారా అమ్మగారూ?"

"ఒక్క వారం ఆగండి పాస్టరుగారూ. మళ్ళీ వస్తాను."

మరుసటి ఆదివారం మహిమ పేర్లు పిలుస్తుంటే సువార్తమ్మ వచ్చి గుమ్మంలో, చెప్పుల పక్కన కూర్చుంది. ముఖం కడుక్కుంది గానీ వేళ్ళకు మిరప ఎరుపు పోలేదు.

"స్తుతి."

పిల్లలు అలవాటుగా గుమ్మం వైపు తిరిగారు. ఈసారి అక్కడ మనిషి ఉంది. సువార్తమ్మ చేతులు కట్టుకుని నిలబడి, చిన్నపిల్ల అప్పజెప్పినట్టు రాగం తీస్తూ చెప్పింది. ఆ రాగం ఎవరిదో మహిమకు తెలుసు. వాక్యంలో మూడో ముక్క మొత్తం జారిపోయింది. సంతోషకుమారి చూపుడువేలు ముప్పై ఒక్క ఏళ్ళ అలవాటుతో సగం లేచి, దిగిపోయింది.

"ఇంకో ముక్క ఉండాల. మర్చిపోయా" అంది సువార్తమ్మ.

"లేదమ్మా. అంతే. పూర్తిగా చెప్పావు" అంది సంతోషకుమారి.

ఐదేళ్ళ పిల్ల మళ్ళీ కొంగు లాగింది. "స్తుతి అంటే ఈమేనా?"

సువార్తమ్మ అది విన్నట్టుంది.  "ఇంక చాల్లే మహిమా. దాన్ని పిలవబాకు" అని చెప్పులేసుకుంది.

మహిమ ఆ పేరు మీద గీత కొట్టలేదు. పక్కన చిన్న చుక్క పెట్టి తర్వాతి పేరు పిలిచింది. ఆ తర్వాత వారం నుంచి పిలవలేదు. మానేసిన పదిమందిలో ఆరుగురు తిరిగొచ్చారు. సువార్తమ్మ ఇంకో మూడు వారాలు గుమ్మంలో కూర్చుని, కోతలు ముమ్మరమయ్యాక రావడం మానేసింది. ఆ ఊళ్ళో మాత్రం స్తుతి పేరు తర్వాతి నిశ్శబ్దం పోయింది.

అది సంతోషకుమారి వెంట వచ్చేసింది. అద్దంకిలోనో, పేటలోనో ఏ తరగతిలో కూర్చున్నా, చివరి పేరు అయ్యాక ఇంకో పేరు మిగిలినట్టే ఉండేది. నక్షత్రాల షీట్లు బీరువాలో పడేసింది. శిక్షణలో హాజరు పాఠం దగ్గరికి వచ్చేసరికి, "ఇది నేను తప్పుగా నేర్పాను" అని మొదలుపెట్టి స్తుతి సంగతి చెప్పేది. మహిమ పేరూ, ఆ పిలుపు సంగతీ మాత్రం చెప్పేది కాదు. సోమవారం పొద్దున్నే టీచర్లందరికీ వరసగా ఫోన్లు చేసేది. పాఠం ఎలా అయిందని అడిగేది కాదు. "నిన్న ఎవరు రాలేదు? వెళ్ళి చూశావా?" అని అడిగేది. పోయి చూడలేదంటే, "ఇప్పుడు పో. నేను లైన్లోనే ఉంటా" అనేది. చనిపోయేనాటికి ఆ ఫోన్ల జాబితాలో అరవై మూడు పేర్లున్నాయి. మొదటిది మహిమది.

ఆమె మంచాన పడ్డాక, ఒక మధ్యాహ్నం మహిమ బ్రాడీపేట వచ్చింది. సంచిలో బత్తాయిలతో పాటు రిజిస్టరు కూడా తెచ్చింది, తెమ్మన్నది ఆమే.

"చదువు" అంది సంతోషకుమారి.

మహిమ చదివింది. ప్రతి పేరు తర్వాతా సంతోషకుమారి పెదవులు కదిలేవి. ఏ పిల్ల ఏ వాక్యం చెబుతుందో ఆమెకు ఇంకా గుర్తే. చివరిదైన ముప్పై ఒకటో పేరూ అయిపోయింది. దుప్పటి కింద నుంచి కుడిచెయ్యి మెల్లగా లేచింది.

మహిమ కూడా గుమ్మం వైపు చూసింది. కింద కుర్రాళ్ళ వల్లెవేత వినిపిస్తోంది. మూడు మాటలకు పట్టే సమయం ఎప్పుడో దాటిపోయింది. చెయ్యి ఇంకా దిగలేదు. మహిమ రిజిస్టరు మూయకుండా, ఆ చేతి కింద తన చెయ్యి పెట్టి కూర్చుంది.