ముగ్గులో ఎదురుపడ్డాం

నలభైల నాటి మాట. పనిమీద హైదరాబాదు వెళ్లి, దబీర్‌పురాలో పాలమ్మే మల్లయ్య ఇంట్లో దిగాను. ఒక పొద్దున, బెజవాడ నుంచి తెచ్చుకున్న నా కొత్త కండువాను అతని గేదె నమిలేసింది. నోటికొచ్చినట్టు తిట్టాను. అతనూ తగ్గలేదు.

సాయంత్రం మల్లయ్య తల్లి వాకిలంతా సున్నంతో చుట్లు చుట్లుగా ముగ్గు గీసి, నడుమ దీపం పెట్టింది. గీత తొక్కకుండా, నోరు మెదపకుండా, దేవుణ్ణి తలుచుకుంటూ దీపందాకా నడిచి అదే దారిన తిరిగి రావాలట. నన్నూ నడవమంది. నడుస్తూ నేను తలుచుకున్నది మాత్రం కండువానే.

సగం దారిలో, దీపం దగ్గర్నుంచి తిరిగొస్తున్న మల్లయ్య ఎదురయ్యాడు. దారి ఒక్క మనిషికే సరిపోతుంది. ఇద్దరం బిగుసుకుపోయి నిలబడ్డాం.

"గీత తొక్కొద్దు! అలాయ్ బలాయ్ తీస్కొని తిరుగుర్రి," అని అవ్వ కేకేసింది.

ఒకరినొకరు కావలించుకుని, అలాగే గిర్రున తిరిగి చోట్లు మార్చుకున్నాం. అతని ఒంటినిండా పాలవాసన. నియమం మరిచిపోయి నా చెవిలో, "ఫికర్ చెయ్యకన్నా, ఇగ బర్రెను దూరం కట్టేస్త," అన్నాడు. నాకు నవ్వాగలేదు.

బయటికొచ్చాక అడిగాను: "దారి కాస్త వెడల్పుగా గీయకూడదా, మామ్మగారూ?"

"వెడల్పు గీస్తే పక్కకెల్లి పోతరు గద బిడ్డా!"