కాలవ కట్టిన మేస్త్రి మావ

మేస్త్రి మావ మొన్న ఆదివారం పొద్దున్నే పోయాడు. మూడు రోజుల జ్వరం, అంతే. ఆయన నాకు చుట్టం కాదు, పక్కింటి మనిషి. స్టీలు ప్లాంటు కట్టే రోజుల్లో పల్లె నుంచి తాపీ పనికి వచ్చి, ఆ పని అయిపోయాక ఫిషింగ్ హార్బరు వెనక మా పేటలోనే ఉండిపోయాడు. పేటంతా మావ అనేది, నేనూ అనేదాన్ని. ఆయన గురించి నాలుగు మంచిమాటలు రాయమని మావాళ్ళు అడిగారు. రాస్తాను గానీ, మేం చేసిన పని కూడా రాస్తాను. అది దాచిపెట్టి ఆయన్ని పొగిడితే సిగ్గుచేటు.

మా పేట పల్లంలో ఉంది. వాన పడితే ఐసు ఫ్యాక్టరీ నీళ్ళూ, చేపలు కడిగిన నీళ్ళూ కలిసి ఇళ్ళలోకి వచ్చేవి. అందరికంటే దిగువన ఉన్నది మావ ఇల్లు. ఆయనే గడపగడపకీ తిరిగి, ఇంటికో మనిషిని లాక్కొచ్చి, ఆదివారం ఆదివారం పని చేయించి కాలవ కట్టాడు. సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో నీళ్ళు నింపి, రెండు చివర్లా ఇద్దరి చేత పట్టించి నేల ఎటు వాలిందో వాటం చూసేవాడు. "నీటికి దారిత్తే అది మనకి దారిత్తాది," అనేవాడు. ఆ యేడు వానల్లో ఒక్క గుమ్మం తడవలేదు. రోజూ స్నానానికి ముందు లుంగీ ఎగ్గట్టి, కర్రతో కాలవ పొడుగునా చేప పొలుసులు తోసుకుంటూ పోయేవాడు. ఎవరైనా గంప అందులో కడిగితే, "ఒలే, ఆ పొలుసులు నీ అన్నంలో ఏసుకో!" అని అరిచేవాడు.

తర్వాత సర్వే వచ్చింది. వెనకబడిన పేటలు బాగుచేయడానికి సర్కారు డబ్బిస్తుందట. ఏ పేటకివ్వాలో మార్కులు వేసి తేలుస్తారట. రోడ్డు లేకపోతే ఇన్ని, కుళాయి లేకపోతే ఇన్ని. ఎంత అధ్వానంగా ఉంటే అంత ముందు. ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు. "కాలవ ఉందా?" అని అడిగాడు కాగితాలు పట్టుకొచ్చిన ఆఫీసరు. మావ మొహం వెలిగిపోయింది. "ఉంది బాబూ, నానే కట్టినాను. రండి, సూపిత్తాను," అని ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తిప్పి, సోడా తాగించి పంపాడు.

జాబితాలో మా పేట పేరు లేదు. ఏ పనీ చేసుకోకుండా బురదలో కూర్చున్న రోడ్డవతలి పేటకి సిమెంటు రోడ్డు, కాలవ, వీధికో కుళాయి వచ్చాయి. మా ఆడాళ్ళం బిందెలు పట్టుకుని అక్కడికే వెళ్ళాలి, వాళ్ళు మాటలంటే పడాలి. ఆ కోపమంతా మావ మీద తీర్చుకున్నాం. ఒకరోజు నిండుబిందె ఆయన గుమ్మం ముందు దించి నేనే అన్నాను: "నీ గొప్పే మా కొంప ముంచింది మావా. నువ్వు నోరు మూసుకునుంటే నాకీ మోత తప్పును గదా!" ఆయన కర్ర తీసుకుని కాలవ వైపు వెళ్ళిపోయాడు. కుళాయి దగ్గర ఆ మాట చెప్పుకుని నవ్వుకున్నాం కూడా. ఛీ, ఇప్పుడు తలుచుకుంటే నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

రెండేళ్ళకి మళ్ళీ సర్వే అన్నారు. పేటంతా కూడి, కాలవ పగలగొట్టెయ్యాలని తీర్మానించింది. నేనూ చెయ్యెత్తాను. మావ ఇంట్లోకెళ్ళి గునపం తెచ్చాడు. "మీరు కొడితే ఇళ్ళ గోడలు కదిలిపోతాయి. నాను కట్టింది, ఎక్కడ కొడితే ఇరుగుతాదో నాకే తెలుసు," అన్నాడు. మధ్యాహ్నానికి పని ముగించి, చేతులైనా కడుక్కోకుండా అరుగు మీద కూర్చున్నాడు. లోపల ఆయన భార్య ఏడుస్తోంది.

ఈసారి ఓ అమ్మాయి వచ్చింది. రోడ్డూ కుళాయీ సంగతి అడిగాక, "మీ పేట కోసం మీరంతా కలిసి కట్టుకున్నది ఏమైనా ఉందా? దానికే ఎక్కువ మార్కులు," అంది. రూలు మారిందట. తమ పని తాము చేసుకున్నవాళ్ళకే ముందు ఇస్తారట. అందరం మావ వైపు చూశాం.

"ఉండీది తల్లీ," అన్నాడు.

"ఉండేదంటే కుదరదు తాతా. ఉందా, లేదా?"

"లేదు."

ఆమె రాసుకుంది. మాకు ఆసారీ ఏమీ రాలేదు. మళ్ళీ కట్టుకుందాం రమ్మని మావ ఇంటింటికీ వచ్చాడు. ఒక్కరం కదల్లేదు. మళ్ళీ రూలు మారితేనో, అన్నాం. అప్పట్నుంచి ప్రతి వానకీ ముందు మునిగేది ఆయన ఇల్లే. మంచం మీద కాళ్ళు ముడుచుకు కూర్చుని, గుమ్మం దాటి వచ్చే నీళ్ళని చూస్తూ ఉండేవాడు. మమ్మల్ని నాలుగు తిట్టినా బాగుండేది.

ఆయన పోయిన రోజు కూడా వానే. సందులో మోకాటి లోతు నీళ్ళు. పాడె ఎత్తారు. పగలగొట్టిన కాలవ గుంటలు ఆ నీళ్ళ కింద ఎక్కడున్నాయో ఎవరికీ కనబడవు. ముందు పట్టినవాడు కాలు దిగబడి తూలాడు, పాడె పక్కకి ఒరిగింది. "ఓలమ్మో, పట్టండి, పట్టండి!" అని ఆడాళ్ళం కేకలు పెట్టాం. నలుగురూ నీళ్ళలో ఆగిపోయారు. "అడుగు ఎటేపు ఎయ్యాల? సెప్పండెహె!" అని ముందువాడు అరుస్తున్నాడు. చెప్పగలిగిన ఒక్క మనిషీ వాళ్ళ భుజాల మీద తడుస్తున్నాడు.