సముద్రం వైపు గది

మొన్న మా అమ్మాయి కాకినాడ నుంచి ఫోన్ చేసి, మనవరాలిని సాయంత్రాలు ఏదైనా క్లాసులో చేర్పిద్దామనుకుంటున్నానని, సంగీతమా నాట్యమా తేల్చుకోలేకపోతున్నానని, నన్నే చెప్పమని అడిగింది. ఐదేళ్ళ పిల్ల గురించి అడిగిన ఆ చిన్న ప్రశ్నకి జవాబు చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. చివరికి నీకు తోచింది చెయ్యి తల్లీ, అయితే చేర్పించే ముందు ఆ పాఠం చెప్పే ఇంట్లో గదులన్నీ ఒకసారి చూసి రా అన్నాను. అది నవ్వేసి, ఇప్పుడు క్లాసులు ఇళ్ళలో ఎక్కడున్నాయమ్మా, మూడో అంతస్తులో అద్దాల హాలు అంది. దానికి ఆ పాత సంగతేదీ గుర్తులేదని నాకు తెలుసు. గుర్తుంచుకోవడం నా వంతయింది.

అది ఆరేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు నాకు ఉప్పాడ దగ్గర స్కూలుకి బదిలీ అయింది. మావారికి కాకినాడలో ఉద్యోగం కావడంతో పొద్దున్నే బస్సెక్కితే దీపాలు పెట్టాకే ఇల్లు చేరేవారు. నేతపనివాళ్ళ వీధిలో రెండు గదుల వాటా తీసుకున్నాం. పిల్ల చూస్తే కుదురులేనిది, అన్నం తింటూ కూడా మూడుసార్లు లేచి తిరిగొచ్చేది. దాని కాళ్ళకి ఏదో ఒక పని చెప్పాలి, నాట్యం నేర్పిద్దామని మావారు. ఒకచోట కూర్చోబెట్టేది సంగీతమేనని నేను. వారం రోజులు వాదించుకున్నాం. మన తరంలో చాలా ఇళ్ళలో ఇలాగే జరిగింది కదా, మనకు దక్కనిది పిల్లలకు దక్కాలని చూశామే తప్ప వాళ్ళకేం కావాలో ఎవరం అడిగాం? చిన్నప్పుడు నాకు పాటంటే ప్రాణం, నేర్పించేవాళ్ళు లేకపోయారు. అందుకని సంగీతమే నెగ్గింది.

సముద్రం ఒడ్డున ఒక ఇంట్లో అక్కచెల్లెళ్ళిద్దరు ఉన్నారని, అక్కగారు నాట్యం, చెల్లెలుగారు సంగీతం నేర్పుతారని పిఠాపురం నుంచి వచ్చే మా లెక్కల మాస్టారు ఎప్పుడో విన్న మాటగా చెప్పారు. వెతుక్కుంటూ వెళ్ళాం. ఒకప్పుడు అక్కడ మూడు వరసల ఇళ్ళుండేవట, సముద్రం కోసుకుపోగా మేం వెళ్ళేసరికి ఒక్క వరసే మిగిలింది, అందులోనూ చాలావాటికి తలుపులు, కిటికీలు ఊడదీసుకుని జనం వెళ్ళిపోయారు. ఆ ఇంటికి రోడ్డు వైపు అరుగు, దాని వెనక గదులు ఒకదాని వెంట ఒకటి సముద్రం దాకా ఉండేవి. సంగీతం టీచరుగారికి యాభై దాటి ఉంటాయి, సన్నటి మనిషి, గొంతు మాత్రం ఒంటికి రెండింతలు. అక్కగారి గురించి అడిగితే, అక్క ఇప్పుడు ఎవరికీ నేర్పడం లేదండి అని ఊరుకున్నారు. పెద్దవయసు కదా అనుకున్నాను.

స్కూలు వదిలాక నాలుగింటికి పాఠం. ముందు గదిలో టీచరుగారూ మా పిల్లా చాప మీద కూర్చునేవారు, వాళ్ళ వెనక గడియ పెట్టిన ఆకుపచ్చ తలుపు ఒకటి ఉండేది. నేను అరుగు మీద కూర్చుని పిల్లల నోటుపుస్తకాలు దిద్దుకునేదాన్ని. లోపల సరళీ స్వరాలు సాగుతుంటే, వాటి వెనక ఎక్కడో చెక్క మీద కర్రతో కొట్టినట్టు ఒక మందమైన చప్పుడు, ఆగకుండా, ఒకే నడకలో వినిపిస్తూ ఉండేది. మగ్గాల ఊరు, పక్కింట్లో ఎవరో నేస్తున్నారనుకున్నాను. ఆ ఇంటి పక్కిళ్ళు రెండూ ఖాళీవన్న సంగతి, రోజూ చూస్తూ కూడా, నాకు తట్టలేదు.

మూడోవారంలో ఒక ఆదివారం నేను బియ్యం ఏరుతుంటే మా పిల్ల వాకిట్లో నిలబడి, మోకాళ్ళు వంచి, నడుం మీద చేతులు పెట్టుకుని అడుగులు వేస్తోంది. ఊరికే గెంతడం కాదు. లెక్క తప్పకుండా, మడమ ఎక్కడ మోపాలో వేళ్ళు ఎక్కడ మోపాలో తెలిసినట్టు వేస్తోంది. ఎవరు నేర్పారే అంటే పెద్ద టీచరుగారు అంది. తలుపు సందులోంచి చూపిస్తారట, కర్రతో తాళం కొట్టి చూపిస్తారట. నాకు భయం వెయ్యలేదు సరికదా, సంతోషించాను. ఎవరికీ నేర్పనన్నావిడ మా పిల్ల మీద ముచ్చటపడి నేర్పుతోందనుకుని, మర్నాడు కాజాల పొట్లం పట్టుకుని కాస్త ముందే వెళ్ళి, పిల్ల చెప్పిందంతా చెప్పి, అక్కగారికి దండం పెట్టుకుని వెళ్తామన్నాను.

టీచరుగారు పొట్లం అందుకోలేదు. పిల్లనోసారి ఆ అడుగులు వెయ్యమన్నారు. అది వేసింది. కుడికాలు గట్టిగా, ఎడమకాలు మెత్తగా, నేల నొచ్చుకుంటుందేమో అన్నట్టు మోపుతూ వేసింది. అంతవరకూ నేనది గమనించనేలేదు. చూస్తూ చూస్తూ ఆవిడ గోడకి ఆనుకుని కూర్చుండిపోయారు. అక్కగారికి చిన్నప్పుడెప్పుడో ఎడమ చీలమండ విరిగిందట, అప్పటినుంచి ఆ కాలు అలాగే మోపేవారట.

తర్వాత లేచి ఆ ఆకుపచ్చ తలుపు గడియ తీశారు. అవతల గది లేదు. రెండు పక్క గోడలు, బారెడు నేల, అక్కడినుంచి విరిగిన గచ్చు, కింద సముద్రం. నీళ్ళు పైకి ఉబికి గచ్చుని తడుపుతూ వెనక్కి పోతున్నాయి. మిగిలిన ఆ బారెడు నేల మీద చిన్న చెక్కపీట, దాని మీద అడ్డంగా ఒక కర్ర ఉన్నాయి. గోడలు, గచ్చు, గడప అన్నీ తడిగా ఉన్నాయి. ఆ పీట మాత్రం పొడిగా ఉంది.

"అక్క వానాకాలం ముందు పోయిందండి, ఈ గదిలోనే. తర్వాత నెలకి గోడ పోయింది," అన్నారావిడ. గడియ మళ్ళీ పెడుతూ, "నలభై ఏళ్ళు ఒక్క ఇంట్లో ఉన్నాం. మీ పిల్లకి వినబడుతోంది, నాకు వినబడదండి," అన్నారు.

అరుగు మీద కూర్చుని నేనూ వింటున్నానని, రోజూ వింటున్నానని ఆ క్షణంలో చెప్పాల్సింది. చెప్పలేకపోయాను. పిల్ల చెయ్యి పట్టుకుని ఇంటికొచ్చేశాను. మర్నాడు ఆవిడే మా ఇంటికొచ్చి, నెలరోజులు పంపండి చాలు, తలుపు నేను తియ్యను, పిల్ల ఏం విందో చెబుతుంటే నేను వింటాను అని అడిగారు. అంత పెద్ద మనిషి అంత చిన్న గొంతుతో అడగడం నేను ఎరగను. అయినా నేను తల్లిని. పిల్లని పంపనని, కావాలంటే ఆవిడే మా ఇంటికొచ్చి పాఠం చెప్పాలని అన్నాను. ఇల్లు వదిలి రావడం ఆవిడకి ఇష్టం లేదు. అక్క ఒక్కతే ఉంటుంది కదండీ అన్నారు, చాలా మామూలుగా. నేనే పట్టుబట్టి ఒప్పించాను.

నాలుగు రోజులు వచ్చారు. నాలుగోనాడు అమావాస్య దగ్గరపడి పోటు ఎక్కువగా ఉందని వీధిలో చెప్పుకుంటున్నారు. మా ఇంటికి సముద్రం మైలు దూరం, మగ్గాల చప్పుడు తప్ప ఇంకేదీ వినిపించదు. జంట స్వరాల మధ్యలో మా పిల్ల పాడటం ఆపి, తల పక్కకి తిప్పి, "కర్ర ఆగిపోయిందండీ," అంది. టీచరుగారు చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి నడిచారు. ఆవిడ మలుపు తిరిగేలోపే ఎవరో సైకిల్ మీద ఎదురొచ్చి, ఒడ్డున ఇల్లు కూలిందని, ముందు గది కూడా మిగల్లేదని చెప్పారు.

ఆవిడ వారం రోజులు మా వాటాలోనే ఉన్నారు. ఏడవలేదు, పాడలేదు. తర్వాత నరసాపురంలో ఉన్న బంధువులెవరో రమ్మంటే బయలుదేరారు. బస్టాండులో నా చెయ్యి పట్టుకుని, "మీరు పిలవకపోతే నేనూ అక్కడే ఉండేదాన్నండి," అన్నారు. అది కృతజ్ఞతో నిష్ఠూరమో నాకు ఈనాటికీ తెలియదు. నాకూ ఆ చప్పుడు వినబడేదని అప్పుడైనా చెబుదామని నోరు తెరిచాను. బస్సు వచ్చేసింది. తర్వాత రెండు ఉత్తరాలు రాశాను, జవాబు రాలేదు. మా అమ్మాయి పదో తరగతి దాకా పాట నేర్చుకుంది, నాట్యం ఊసు మళ్ళీ ఎత్తలేదు. నేనూ ఎత్తనివ్వలేదు.

పోయిన ఏడాది చీరల కోసం ఉప్పాడ వెళ్ళాం. రోడ్డు లోపలికి జరిగింది, ఒడ్డంతా పెద్ద పెద్ద రాళ్ళు పోశారు. చీర చూపించిన నేతవారి కోడలు, ముప్ఫై ఏళ్ళుంటాయేమో, మాతో పాటు ఒడ్డుదాకా నడిచింది. ఇక్కడో వీధి ఉండేదమ్మా అంటే, అక్కడ వీధేంటండీ, నాకు తెలిసినప్పట్నుంచీ అదంతా సముద్రమే కదండీ అంది మర్యాదగా. ఆ పిల్ల తప్పేం లేదు. మా రోజుల్లో ఒక ఇల్లు పోతే అందులో ఎవరుండేవారో, ఏం పని చేసేవారో చెప్పేవాళ్ళు ఊళ్ళో పదిమంది ఉండేవారు. ఇప్పుడు ఆ పదిమందీ ఎటు పోయారో! రోడ్డు ఎటునుంచి ఎటు పోయేదో, అరుగు ఎక్కడుండేదో, గదులు ఎలా వరసగా ఉండేవో నేనా అమ్మాయికి చెయ్యి చాపి చూపిస్తూ పోయాను. పాపం తలూపుతూ వింది. నేను వేలు పెట్టి చూపించిన ప్రతిచోటా నీళ్ళే ఉన్నాయి.