దారిలో పోని పన్నెండు వోల్టులు

ముందు పోయినవాటి పట్టీ చదువుకోండి. చిన్న దీపాలు పదిహేను వందలు. థర్మకోల్ నెమలి తోక ఒకటి. చీకట్లో చేజారిన కేసరిబాత్ ప్లేట్లు రెండు. మాడు వాసన వదలని రవిక గుడ్డలు మూడు. వీటితోపాటు, కృష్ణగిరి మామిడి మండీలో ఇరవై ఏళ్లుగా నేను సంపాదించుకున్న 'లెక్కల మనిషి' అన్న పేరు, మొత్తంగా. ఇంత నష్టానికి తుపాను రానక్కరలేదు. జాగ్రత్తపరుడు ఒక్కడుంటే చాలు.

ఆరేళ్ల కిందటి మాట. పదేళ్లు ఇంటి వరండాలో కుట్టుమిషను తొక్కిన మా చెల్లెలు రత్న, హోసూరులో బాగలూరు రోడ్డు మీద సొంత అంగడి తెరిచింది. ప్రారంభానికి పూలతోటల మునెమ్మ రాబోతోంది. అంగడి నచ్చితే ఆమె కూతురి పెళ్లి రవికలన్నీ రత్నకే!

"సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా వెలుగు నా పూచీ" అన్నాను.

"ఎలక్ట్రీషియన్ను పిలుస్తామా అన్నా?"

"వానికి గుణించేది వచ్చునా అమ్మా?"

నాకు వచ్చు. చిక్కంతా అదే. ఇరవై అయిదు మీటర్ల ఎల్‌ఈడీ స్ట్రిప్, మీటరుకు 4.8 వాట్లు, వెరసి నూట ఇరవై. పావు వంతు అదనం కలిపితే నూట యాభై. ఇంతవరకు తప్పు లేదు, కావాలంటే మీరూ వేసి చూసుకోండి. ఇక మిగిలింది గోడ కరెంటును తగ్గించి దీపాలకు అందించే డబ్బా, అదే డ్రైవర్. కరెంటు సామాన్ల మునిరాజు పన్నెండు వోల్టుల డ్రైవర్ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇరవై నాలుగుది ఇయ్యప్పా."

"స్ట్రిప్ మీద పన్నెండని రాసుండాది కదన్నా!"

"చేరాల్సింది పన్నెండప్పా. తీగ పొడుగైతే దోవలో వోల్టు తగ్గుతాదని ఫోన్లో వీడియో చూసినాను. కావేరిపట్టణం తోటలో ఎక్కించిన కాయలన్నీ మండీకి చేరతాయా? దోవలో నలిగేది, కుళ్లేది లెక్కెయ్యొద్దా?"

"ఇది మామిడికాయ కాదన్నా."

"ఏదైనా సరుకేనప్పా!"

మునిరాజు వాదించలేదు. తాను చెప్పింది చెప్పినట్టు పక్కవాళ్లకు వినపడేలా ఇంకోసారి చెప్పి, డబ్బా నా చేతిలో పెట్టాడు. తెలివైనవాడు, సాక్ష్యం పెట్టుకున్నాడు.

తగిలించిన రవికల చుట్టూ, గుమ్మం మీది థర్మకోల్ నెమలి తోక చుట్టూ స్ట్రిప్ తిప్పి, సరిగ్గా ఆరింటికి స్విచ్చి వేశాను. అబ్బ, ఏం వెలుగు! రోడ్డు మీద పోయే బస్సులోంచి కూడా రవిక కుట్లు లెక్కపెట్టవచ్చు. మునెమ్మ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏమి వెలుగప్పా! చిత్తిరి నెల ఎండ మాదిరి ఉండాది."

"అంతా లెక్కమ్మా" అన్నాను కాలరు సర్దుకుంటూ.

ఇల్లు అలకగానే పండగ కాదంటారు. స్విచ్చి వేయగానే కూడా కాదు. మూడో నిమిషంలో రత్న ముక్కు ఎగబీల్చింది.

"అన్నా, ఏందో మాడతాండాది."

"కేసరిబాతేమో చూడు."

"అది చల్లారి గంటైంది!"

తెల్లటి వెలుగు నీలంగా మారింది. విప్పిన గొడుగులా ఉన్న నెమలి తోక నిప్పు మీద వేసిన అప్పడంలా ముడుచుకుపోయింది. నాలుగో నిమిషంలో ఈ కొస నుంచి ఆ కొసకు టప్, టప్, టప్... అంతే. చీకటి. రెండు ప్లేట్లు పడిన చప్పుడు. రత్న చీకట్లోనే తడుముకుంటూ పోయి కుట్టుమిషను మీద గుడ్డ కప్పింది. పదేళ్ల తొక్కుడు అది.

ఆ చీకట్లో ఒక ఫోను వెలిగింది. మునెమ్మ! తగిలించి ఉన్న రవికను తిరగేసి, లోపలి కుట్లు వేలితో తడిమి చూసింది.

"దీపం మీ అన్నది, కుట్టు నీది. కుట్టు బాగుండాది. ఇరవై రవికలు రాసుకో అమ్మా" అంది. నేను ఊపిరి పీల్చుకునేలోగా, "కొలతలు మాత్రం నువ్వే తీయాల. మీ అన్నను టేపు ముట్టనియ్యొద్దు!"

మర్నాడు మునిరాజు వోల్టులు కొలిచే మీటరు తెచ్చి తీగ చివర పెట్టాడు. ఇరవై మూడున్నర.

"దోవలో కుళ్లింది అర వోల్టేనన్నా."

వోల్టు పెంచనేల, వాసన పీల్చనేల? అందుకే ఆ నెమలి తోక సాక్షిగా ప్రమాణం చేశాను: పన్నెండని రాసి ఉన్నచోట పన్నెండే ఇస్తాను, వీడియో కాదు కదా, సాక్షాత్తూ కరెంటే వచ్చి చెప్పినా పదమూడు ఇవ్వను.

రత్న అంగడిలో ఇప్పుడు ఎలక్ట్రీషియన్ పెట్టిన దీపాలు చక్కగా వెలుగుతున్నాయి. స్విచ్చి దరిదాపులకు నన్ను రానివ్వదు, కాబట్టి నా బాకీ తీర్చే దారీ లేదు. ఒప్పుకున్నది నూట ఎనభై నిమిషాల వెలుగు. ఇచ్చింది నాలుగు. ఫోను చేసిన ప్రతిసారీ రత్న గుర్తుచేస్తూనే ఉంటుంది: "అన్నా, ఇంకా నూట డెబ్బై ఆరు!"