బోనులో అన్నయ్య

టైలరుకు ఆ ఊళ్లో అందరి నడుములూ తెలుసు. ఎవరు లావెక్కారో, ఎవరు చిక్కిపోయారో వాళ్ల ఇంట్లోవాళ్ల కంటే ముందు అతని టేపుకే తెలిసేది. ముందు గది కొట్టు, వెనక గది కాపురం, మధ్యలో ఒక పరదా. ఆ పరదా కూడా ఎవరో కుట్టించుకుని, తీసుకెళ్లడం మరిచిపోయిందే.

కానీ అతని మనసు ఆ రెండు గదుల్లోనూ ఉండేది కాదు. బస్సు దిగి ఇంకా చాలా దూరం నడిస్తే వచ్చే గుట్ట కింది చేనులో ఉండేది. అందులో మొక్కజొన్న వేశాడు. నిరుడూ వేశాడు, అడవిపందులు తిన్నాయి. అంతకు ముందేడూ వేశాడు, అవే తిన్నాయి.

"మీరు రైతు కాదండీ, పందులకు వంటవాడు," అనేది భార్య. ఎప్పుడూ నవ్వుతూ అనేది. ఈసారి నవ్వలేదు. "ఈ పంట కూడా ఇంటికి రాకపోతే ఆ చేను మీ అన్నయ్యకు ఇచ్చెయ్యండి. పక్క చేను ఆయనదే. ఎప్పట్నుంచో అడుగుతున్నాడు."

అతను "ఊఁ" అన్నాడు. మిషను తొక్కుతూ అన్నాడు కాబట్టి అది ఒప్పుకున్నట్టు కాదనుకున్నాడు. ఆమె మాత్రం ఒప్పుకున్నాడనే రాసిపెట్టుకుంది.

అన్నయ్యకు ఇవ్వడం కంటే పందులకు ఇవ్వడం నయమని టైలరు లోపల్లోపల అనుకున్నాడు. చేను పంచుకున్నప్పటి నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. కొలిచేవాడు వచ్చేదాకా ఆగుదామని అన్నయ్య చెప్పినా వినకుండా, టైలరు బట్టలు కొలిచే టేపుతో చేనంతా కొలిచాడు. పొద్దున మొదలుపెట్టి పొద్దుగూకేదాకా కొలిచాడు. గట్టు మాత్రం అన్నయ్య వైపుకు కాస్త జరిపి వేశాడు. ఎందుకురా అంటే "కుట్టుకు వదిలాను" అన్నాడు. చేతి అలవాటు. అన్నయ్య దాన్ని అలవాటు అనుకోలేదు.

అన్నదమ్ములకు మాటల్లేవు గానీ, తోటికోడళ్లిద్దరూ రోజూ పొయ్యి వెలిగించే ముందు ఒకసారి, ఆర్పాక ఒకసారి ఫోనులో మాట్లాడుకునేవాళ్లు. ఆ సంగతి మొగుళ్లిద్దరికీ తెలుసు. తెలియనట్టు ఉండేవాళ్లు.

పందుల సంగతి బావమరిది చూసుకుంటానన్నాడు. అతనిది ఫోన్లు బాగుచేసే కొట్టు. "బావా, కాపలా కాయడం పాత పద్ధతి. చేనులో బోను పెడదాం. చెట్టుకు కెమెరా కడదాం. నువ్విక్కడ చొక్కా కుట్టుకుంటూ చూస్తుండు. అన్నీ లోపలికొచ్చాక ఫోనులో ఈ బొత్తాం నొక్కావంటే పైనుంచి తలుపు దబ్బుమని పడుతుంది."

"మళ్లీ ఎత్తాలంటే?"

"ఎత్తడానికి బొత్తాం లేదు. బయట నిలబడి తాడు లాగాలి. నీకు కావలసింది పట్టడమా, వదలడమా?"

చెప్పినట్టే బిగించాడు. పట్టిన పందుల్ని దూరం తీసుకెళ్లి వదులుతామని అటవీశాఖవాళ్లూ మాటిచ్చారు. ఒకటే షరతు, మందంతా లోపలికొచ్చేదాకా తలుపు వేయకూడదు. సగం చిక్కి సగం తప్పించుకుంటే, తప్పించుకున్నవి జన్మలో మళ్లీ ఆ బోను ముఖం చూడవు. కాబట్టి ముందు కొన్నాళ్లు లోపల మేత వేసి మచ్చిక చేయాలి. ఆ మేత వేసే పని చేనుకు దగ్గర్లోనే ఉండే వదిన ఒప్పుకుంది. ఒప్పుకుని అన్నయ్యకు పురమాయించింది.

ఆ రోజు నుంచి కొట్లో మిషను పక్కన దారపు ఉండకు ఆనించిన ఫోను అందరికీ వినోదమైపోయింది. ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి వచ్చినవాడు అది చేతికొచ్చాక కూడా కదిలేవాడు కాదు. సిగ్నలు సరిగా లేక బొమ్మ ఆగి ఆగి వచ్చేది. ముందు పంది తల వచ్చేది, ఆ తర్వాత ఎప్పటికో ఒళ్లు వచ్చేది. గుంపుకు పెద్ద ఒక ఆడపంది. పిల్లలు లోపలికి పోయి మేత తింటుంటే అది గడప దగ్గర నిలబడి తలుపును కిందా మీదా చూసేది, పరీక్ష హాల్లో ఇన్విజిలేటరులా. కొట్లోవాళ్లు దానికి 'మేడమ్' అని పేరు పెట్టారు.

"మేడమ్ ఇవాళ కాలు లోపల పెట్టింది!"

"ఒక్క కాలేగా. నొక్కకండి, టైలరు గారూ."

ఆ ఉత్కంఠలో టైలరు ఒకాయన చొక్కాకు రెండు ఎడమ చేతులు కుట్టాడు.

తర్వాత ఏమైందో గానీ పందులు బోనులోకి రావడం మానేశాయి. పిల్లలు కూడా గడపదాకా వచ్చి, వాసన చూసి, పక్కకు తిరిగి తిన్నగా చేనులోకి పోతున్నాయి. అంచు వరసలు నేలమట్టమయ్యాయి. కంకుల్లో అప్పుడప్పుడే పాలు పడుతున్నాయి. టైలరుకు ముద్ద దిగడం లేదు. ఎందుకు రావడం లేదో కనిపెడదామని ఒక మధ్యాహ్నం, పందులు తిరగని వేళ, ఫోను తెరిచాడు.

బోనులో రెండు పాదాలు కనపడ్డాయి. మనిషి పాదాలు. ఒకదాని మీద ఒకటి వేసి ఊగుతున్నాయి. కాసేపటికి బొమ్మ కదిలి మిగతా మనిషి వచ్చాడు. తల కింద మేత సంచీ, నోట్లో బీడీ. అన్నయ్య.

టైలరు ఏమీ ఆలోచించలేదు. బొత్తాం నొక్కాడు.

బొమ్మకు శబ్దం లేదు గానీ అన్నయ్య ఎగిరిపడిన తీరు చూసి కొట్లోవాళ్లందరికీ శబ్దం వినపడ్డట్టే అయింది. కాసేపటికి ఫోను మోగింది. ఇన్నేళ్ల తర్వాత అన్నయ్య మొదటి మాట.

"ఒరేయ్, తలుపు పడిపోయిందిరా!"

"పడలేదు. నేనే వేశాను."

"ఎక్కణ్ణుంచి?"

"కొట్లోంచి."

తెర మీద అన్నయ్య ఆకాశం వైపు చూశాడు.

"అటు కాదు. నీ ఎడమ పక్క చెట్టు. పెట్టె కట్టి ఉందే, ఆఁ, అదే."

అన్నయ్య కెమెరాలోకి చూసి గబగబా లుంగీ సర్దుకున్నాడు. "ఇన్నాళ్లూ చూస్తున్నావా?"

"ఇవాళే చూశా. చూసింది చాలు. నీ బీడీ కంపుకు పందులు రావడం మానేశాయి! కావాలనే చేస్తున్నావు. పంట పోతే చేను నీకొస్తుందని!"

"అదిగో, నీ బుద్ధి! నీడగా ఉందని నడుం వాల్చానురా. ఎత్తు తలుపు!"

"ఎత్తడం నా చేతిలో లేదు. వదినకు చెప్పు, వచ్చి తాడు లాగుతుంది."

"చచ్చినా చెప్పను. మోటారు బాగుచేయించడానికి పోయానని చెప్పొచ్చాను."

తోటికోడలికి కబురు అప్పటికే వెళ్లిపోయింది. టైలరు భార్య పరదా వెనక నిలబడి "అక్కా, ఒకసారి చేనుకు వెళ్లిరా, నేనేమీ చెప్పను, నువ్వే చూడు," అంటోంది. వదిన సంతకు పోయి ఉంది. వచ్చేసరికి సాయంత్రమవుతుంది.

అప్పటిదాకా అన్నదమ్ములు ఊరుకోలేదు. ఇన్నేళ్లు దాచుకున్నదంతా బయటికి తీశారు. గట్టు వచ్చింది, టేపు వచ్చింది. చిన్నప్పుడు ఎవరు పగలగొట్టిన కుండకు ఎవరు తన్నులు తిన్నారో వచ్చింది. ఫోన్లో చార్జి అయిపోతుందేమోనని ఇద్దరూ కాసేపు పెట్టేసి, మళ్లీ చేసి, ఆపిన చోటు నుంచి అందుకునేవాళ్లు.

"నా పెళ్లి చొక్కా!" అని అరిచాడు అన్నయ్య. ఒక్కో మాటకూ చెప్పుతో బోను ఊచల మీద కొడుతున్నాడు. "చంకలు బిగించి కుట్టావు! ఆ రోజంతా చెయ్యి పైకి లేవలేదు!"

"కొలతలిచ్చేటప్పుడు నువ్వు ఊపిరి బిగబట్టావు! ఛాతీ కనపడాలని!"

"టైలరు గారూ," అన్నాడు కాజాలు కుట్టించుకోవడానికి వచ్చినాయన, "మేడమ్."

పొద్దు వాలింది. తెర మూలన మేడమ్ నిలబడి ఉంది, వెనక పిల్లలు. చెవులు నిక్కబొడుచుకుని అన్నయ్య అరుపులు వింటోంది. 'చంకలు' అన్న మాట మళ్లీ వచ్చేసరికి వెనక్కి తిరిగింది. పిల్లలన్నీ తోకలెత్తి దాని వెంట పోయాయి.

టైలరు తిట్టడం ఆపి తెర మీదికి వంగాడు. అటు అన్నయ్య కూడా దమ్ము తీసుకోవడానికి ఆగాడు. మేడమ్ మళ్లీ వచ్చింది.

"ఆపకండి, మాట్లాడండి!" అని కొట్టంతా అరిచింది.

వదిన వచ్చేసరికి మాటలు అన్నయ్య నడవడిక దగ్గరికి వచ్చాయి. ఆవిడ గట్టు మీదే ఆగి, పారిపోతున్న పందుల్ని చూసింది, బోనులో మొగుణ్ణి చూసింది. ఊచల్లోంచి చెయ్యి పెట్టి ఫోను లాక్కుంది.

"మరిదీ, ఇది ఎప్పట్నుంచి?"

"మధ్యాహ్నం నుంచి, వదినా. తాడు లాగి బయటికి తియ్యి, పాపం."

"నేనెందుకు తీస్తాను? పంట పోయి నీ చేను కూడా మాకొస్తే కలుపు తీసేది ఎవరు? ఈయనా? ఈయన బోనులో పడుకునే మనిషి!" ఫోను మళ్లీ మొగుడి చేతికిచ్చింది. "మీరు కానివ్వండి. నేను వంట చేసుకొస్తాను."

అప్పటి నుంచి అదే ఏర్పాటు. రోజూ పొద్దు వాలే వేళకు అన్నయ్య బోనులో కూర్చుంటాడు. మేడమ్ మీదికొస్తే ఊచలు అడ్డం ఉంటాయి. టైలరు బొత్తాం నొక్కి, ఫోను చేసి, తిట్టడం మొదలుపెడతాడు. చీకటి చిక్కబడి పందులు వేరే దారి చూసుకున్నాక వదిన వచ్చి తాడు లాగుతుంది. లాగబుద్ధి కాని రోజు కాస్త ఆలస్యం చేస్తుంది.

కష్టమల్లా సరుకు అయిపోవడం. పాత కోపాలు వారం తిరక్కుండానే ఖర్చయిపోయాయి. కొట్లోవాళ్లు సాయం పట్టారు. "మీ అన్నయ్య మీ సైకిలు తొక్కి చక్రం వంకర చేయలేదూ?" అని ఒకాయన అందించేవాడు. టైలరుకు సైకిలే లేదు. అయినా ఆ రోజుకు పనికొచ్చింది.

గింజ గట్టిపడింది. కోత మర్నాడనగా టైలరుకు దగ్గు పట్టుకుంది. తిట్టబోయి దగ్గాడు, మళ్లీ తిట్టబోయి మళ్లీ దగ్గాడు.

అవతల అన్నయ్య అరుపు ఆగింది. "ఏంట్రా ఆ దగ్గు?" అన్నాడు, చాలా మెల్లగా. "మందేమన్నా తీసుకున్నావా?"

టైలరు తిట్టడం మరిచి, అన్నయ్యకు కనపడదని కూడా మరిచి, తల అడ్డంగా ఊపాడు. తెర మీద మేడమ్ గుట్ట దిగి వచ్చి మొదటి వరసలో ముట్టె పెట్టింది.

"ఏవండీ, తిట్టండీ!" అని పరదా వెనక నుంచి భార్య కేకేసింది.

"నా దగ్గు నా ఇష్టం!" అని అరిచాడు టైలరు, కళ్లు తుడుచుకుంటూ. "నువ్వెవరివి అడగడానికి?"

అన్నయ్యకు అర్థమైంది. చెప్పు తీసుకుని ఊచల మీద ధన్‌మని కొట్టాడు. "వేడినీళ్లు తాగి చావరా, వెధవా! చన్నీళ్లు ముట్టుకున్నావంటే నీ తాట తీస్తాను! రేపు కోతకు మెడకు గుడ్డ చుట్టుకోకుండా బస్సెక్కి చూడు!"

మేడమ్ పిల్లల్ని వెంటబెట్టుకుని గుట్ట ఎక్కింది.